గ్యాస్ లైటరూ ఫ్రిజ్ అయస్కాంతమూ ఒకే రాయిలో ఇముడుతాయా?

పోయిన నెల ఈ శీర్షికలో ఒక పాఠకుడికి జవాబిస్తూ, అయస్కాంత గుణమూ విద్యుత్ గుణమూ ఒకే స్ఫటికంలో కలిసి ఉండే 'మల్టీఫెర్రోయిక్' పదార్థాల గురించి రెండే రెండు వాక్యాలు రాసి వదిలేశాను. ఆ రెండు వాక్యాలకు పదకొండు ఉత్తరాలు వచ్చాయి. అందులో ఐదు మన విశాఖ చుట్టుపక్కల నుంచే. ఇరవై ఆరు సంవత్సరాలు నేను ఈ ఊళ్లోనే భౌతికశాస్త్రం చెప్పాను. అందులో సగం కాలం ఈ పదార్థాలనే కల్వంలో నూరి, కొలిమిలో కాల్చి, కొలిచాను. అందుకే ఈ నెల మిగిలిన ప్రశ్నలను పక్కన పెట్టి ఈ ఐదింటికే చోటిస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా అబ్బాయి పీహెచ్‌డీలో చేరాడు. 'మల్టీఫెర్రోయిక్ డబుల్ పెరోవ్‌స్కైట్ పదార్థాల అయస్కాంత, విద్యుత్, కంపన ధర్మాలు' అనేది అంశమట. చుట్టాలు అడిగితే చెప్పలేకపోతున్నాను. వాణ్ణి అడిగితే 'నీకు అర్థం కాదులే అమ్మా' అంటున్నాడు. నేను పదో తరగతి వరకు చదివాను. నాకు అర్థమయ్యేలా చెప్పగలరా?
— ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, మీకు తప్పకుండా అర్థమవుతుంది. మీ వంటింట్లోనే మొదలుపెడదాం.

గ్యాస్ పొయ్యి వెలిగించే లైటరును చేతిలోకి తీసుకోండి. అందులో బ్యాటరీ లేదు. లోపల చిన్న పింగాణీ ముక్క ఉంటుంది. దాని పేరు లెడ్ జిర్కోనేట్ టైటనేట్. మీరు నొక్కగానే స్ప్రింగుకు తగిలించిన సుత్తి ఆ ముక్కను కొడుతుంది. ఆ దెబ్బకు ముక్క రెండు చివరల మధ్య కొన్ని వేల వోల్టులు పుట్టి నిప్పురవ్వ ఎగురుతుంది. ఇప్పుడు ఫ్రిజ్ తలుపు తెరిచి చూడండి. అంచున ఉన్న రబ్బరు పట్టీలో అయస్కాంతపు పొడి కలిపి ఉంటుంది. అదీ ఒక రకం పింగాణీయే. ఇనుము, ఆక్సిజన్ ప్రధానంగా ఉండే ఆ పొడిని ఫెర్రైట్ అంటారు. లైటరులోని ముక్కకు అయస్కాంత గుణం లేదు. పట్టీలోని పొడికి లైటరు విద్య రాదు. ఈ రెండు విద్యలూ తెలిసిన ఒకే రాయిని తయారుచేయగలమా, చేస్తే అందులో ఒక గుణం రెండో గుణం మాట వింటుందా అన్నదే మీ అబ్బాయి వెతుకుతున్నది.

మాట వినడం అంటే, విద్యుత్ క్షేత్రం పెడితే అయస్కాంతత్వం మారాలి, అయస్కాంతం దగ్గరికి తెస్తే విద్యుత్ ధ్రువణం (రాయికి ఒక కొస ధనం, ఒక కొస రుణం కావడం) మారాలి. స్ఫటికాల్లో ఇలాంటి సంబంధం ఉండవచ్చని పియరీ క్యూరీ 1894లోనే ఊహించారు. క్రోమియం ఆక్సైడ్‌లో అది కనిపించాలని 1959లో జ్యాలోషిన్‌స్కీ లెక్క కట్టి చెబితే, ఆ మరుసటి ఏడాదే ఆస్ట్రోవ్ కొలిచి చూపించారు. క్రోమియం ఆక్సైడ్‌కు తనంతట తనకు విద్యుత్ ధ్రువణం లేదు. బయటి నుంచి క్షేత్రం పెట్టినప్పుడే స్పందిస్తుంది. రెండు గుణాలూ సొంతంగా ఉన్న పదార్థానికి 'మల్టీఫెర్రోయిక్' అనే పేరు 1994లో హాన్స్ ష్మిడ్ పెట్టారు.

ఇక పెరోవ్‌స్కైట్. 1839లో ఉరల్ పర్వతాల నుంచి వచ్చిన ఒక ఖనిజాన్ని పరీక్షించిన గుస్తావ్ రోజ్, రష్యాకు చెందిన ఖనిజప్రియుడు పెరోవ్‌స్కీ పేరు దానికి పెట్టారు. అది కాల్షియం టైటనేట్. తరువాత అదే అమరిక ఉన్న వందల పదార్థాలకు అది ఇంటిపేరయింది. మీ లైటరులోని పింగాణీదీ ఆ ఇంటిపేరే. అమరిక ఇలా ఉంటుంది. మధ్యలో ఒక చిన్న లోహ అయాను. దానికి నాలుగు పక్కలా నాలుగు ఆక్సిజన్లు, పైన ఒకటి, కింద ఒకటి. ఈ ఆరు ఆక్సిజన్ల గూడును అష్టముఖి అంటారు. గూళ్లన్నీ మూలమూలా కలుపుకొని వరుసలు కడతాయి. మధ్య మిగిలిన పెద్ద ఖాళీల్లో లాంథనమ్, బిస్మత్ వంటి పెద్ద అయాన్లు కూర్చుంటాయి. గూళ్లన్నిటిలో ఒకే లోహం ఉంటే మామూలు పెరోవ్‌స్కైట్. చదరంగం బల్ల మీద నలుపు తెలుపు గళ్లలాగా, ఒక గూటిలో నికెల్, పక్క గూటిలో మాంగనీస్, మళ్లీ నికెల్ అంటూ నిలువునా అడ్డంగా లోతునా మార్చి మార్చి వస్తే డబుల్ పెరోవ్‌స్కైట్.

ఒకే రాయిలో రెండు గుణాలు ఇమడటం ఎందుకు కష్టం? బేరియం టైటనేట్‌ను చూద్దాం. 120 డిగ్రీల సెల్సియస్ కంటే కింద, గూటి మధ్యలో ఉండవలసిన టైటానియం ఒక ఆక్సిజన్ వైపు కొద్దిగా జరుగుతుంది. ఆ జరుగుడు ఆంగ్‌స్ట్రామ్‌లో (మీటరులో వెయ్యి కోట్లవ వంతులో) పదో వంతు మాత్రమే. అయినా గూళ్లన్నిటిలో ఒకే దిక్కుకు జరగడంతో రాయికి ఒక కొస ధనం, ఒక కొస రుణం అవుతాయి. ఇలా జరగడానికి టైటానియం బయటి డి-కక్ష్య (ఎలక్ట్రాన్లు ఉండే ఒక రకం చోటు) ఖాళీగా ఉండాలి. ఆ ఖాళీలోకి ఆక్సిజన్ తన ఎలక్ట్రాన్లను కొంత పంచుతుంది, దగ్గరికి లాక్కుంటుంది. అయస్కాంతత్వానికి కావలసింది సరిగ్గా దీనికి విరుద్ధం. డి-కక్ష్యలో జత దొరకని ఎలక్ట్రాన్లు ఉండాలి. ఒకే అయానును ఖాళీగానూ ఉండు, నిండుగానూ ఉండు అని ఎలా అడుగుతాం? అయస్కాంతత్వమున్న ఫెర్రోఎలక్ట్రిక్ పదార్థాలు (తమంతట తామే విద్యుత్ ధ్రువణం ఉండి, విద్యుత్ క్షేత్రంతో దాన్ని తిప్పగలిగేవి) ఇంత అరుదుగా ఎందుకున్నాయన్న ప్రశ్నకు 2000 సంవత్సరంలో నికోలా స్పాల్డిన్ ఇచ్చిన జవాబు ఇదే. (అప్పటి ఆమె పేరు నికోలా హిల్.) నా మటుకు నాకు, ఆ జవాబు చదివిన తరువాతే మేము అంతకు ముందు పడిన శ్రమ ఎందుకు ఫలించలేదో తెలిసివచ్చింది.

దారి ఒకటుంది. పని పంచడం. ఉమ్మడి కుటుంబంలో ఒకరు పొలం చూస్తే ఒకరు వంట చూసినట్టు, విద్యుత్ పని ఒక అయానుకు, అయస్కాంతపు పని మరో రెండు అయాన్లకు అప్పగించాలి. 2005లో జపాన్ పరిశోధకులు తయారుచేసిన బిస్మత్ నికెల్ మాంగనేట్ సరిగ్గా అలాంటిదే. పెద్ద ఖాళీల్లో కూర్చున్న బిస్మత్‌కు ఒక ఒంటరి ఎలక్ట్రాన్ జంట ఉంటుంది. అది ఒక పక్కకు పొడుచుకువచ్చి బిస్మత్‌ను మధ్య నుంచి పక్కకు నెడుతుంది. అది విద్యుత్ పని. నికెల్, మాంగనీస్ మధ్యనున్న ఆక్సిజన్ ద్వారా చేతులు కలిపి ఒకే దిక్కుకు తిరుగుతాయి. అది అయస్కాంతపు పని. ఈ రాయి పుట్టడానికి సుమారు 60 వేల వాతావరణాల పీడనం కావలసి వచ్చింది. విద్యుత్ గుణం 485 కెల్విన్ వరకు, అంటే 212 డిగ్రీల సెల్సియస్ వరకు నిలిచింది. అయస్కాంత గుణం మాత్రం 140 కెల్విన్ దాకా చల్లబరిస్తేనే, అంటే సున్నాకు 133 డిగ్రీల దిగువన, మేలుకుంది.

చుట్టాలు అడిగితే, 'లైటరులోని రాయికీ ఫ్రిజ్ అయస్కాంతానికీ పెళ్లి చేసే పని మా వాడిది' అని చెప్పండి. మీ అబ్బాయి ఆ మాట విని సరిదిద్దబోతాడు. అప్పుడు కూర్చోబెట్టి వాడి చేతే పూర్తిగా చెప్పించుకోండి. అమ్మకు చెప్పగలిగినవాడు పరీక్షకులకూ చెప్పగలడు.

ప్రశ్న: మేడమ్, నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా భీమిలి సముద్రతీరంలో నల్ల ఇసుకలో పాత స్పీకరులోని అయస్కాంతం తిప్పితే గింజలు అంటుకుంటున్నాయి. ఆ ఇసుకలో టైటానియం కూడా ఉందని మా సైన్సు మాస్టారు చెప్పారు. టైటానియం అంటే విద్యుత్, ఇనుము అంటే అయస్కాంతం కదా. మరి నల్ల ఇసుక మల్టీఫెర్రోయిక్ అవుతుందా?
— భీమునిపట్నం

జవాబు: నాయనా, నీ ఉత్తరాన్ని నేను మూడుసార్లు చదివాను. పెద్దవాళ్లు అడగవలసిన ప్రశ్న నువ్వు అడిగావు.

ముందు అంటుకున్న గింజల సంగతి. చేతి అయస్కాంతానికి గట్టిగా అంటుకునేవి ఎక్కువగా మాగ్నటైట్ అనే ఇనుప ఆక్సైడ్ గింజలు. నువ్వు ఇంకోసారి చేసినప్పుడు అయస్కాంతాన్ని పలచటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి తిప్పు. సంచి విప్పితే గింజలు వాటంతట అవే రాలతాయి. అప్పుడు కింద మిగిలిన నల్ల గింజలను చూడు. వాటిలో చాలా వరకు ఇల్మనైట్. మీ మాస్టారు చెప్పిన టైటానియం ఉన్నది అందులోనే. ఒక ఇనుము, ఒక టైటానియం, మూడు ఆక్సిజన్లు. పెరోవ్‌స్కైట్‌లోనూ లెక్క ఇదే, రెండు లోహాలకు మూడు ఆక్సిజన్లు. కాబట్టి నీ అనుమానం చాలా సరైన చోటే పడింది.

అయితే లెక్క ఒకటైనా అమరిక వేరు. పెరోవ్‌స్కైట్‌లోని పెద్ద ఖాళీని నింపడానికి ఇనుము సరిపోదు, చిన్నది. అందుకని ఇల్మనైట్‌లో ఇనుమూ టైటానియమూ రెండూ ఆరు ఆక్సిజన్ల గూళ్లలోనే ఉంటాయి. ఒక పొర ఇనుము, ఒక పొర టైటానియం. ఈ అమరికకు ఒక సౌష్ఠవ కేంద్రం ఉంది. అంటే మధ్య బిందువు నుంచి ఒక వైపు ఏముందో సరిగ్గా ఎదురు వైపూ అదే ఉంటుంది. అలాంటప్పుడు ఒక కొస ధనం, ఒక కొస రుణం కావడం కుదరదు. ఇక ఇల్మనైట్‌లోని ఇనుము అయస్కాంత క్రమంలోకి వచ్చేది 60 కెల్విన్ కంటే కిందికి చల్లబరిచినప్పుడే. అప్పుడు కూడా పక్కపక్క పొరలు ఎదురెదురు దిక్కులకు తిరిగి ఒకదాన్ని ఒకటి రద్దు చేసుకుంటాయి.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. ఇదే ఇల్మనైట్‌ను లక్ష వాతావరణాలకు మించిన పీడనం కింద బాగా వేడి చేస్తే పరమాణువులు కొత్తగా సర్దుకుంటాయి. పీడనం తీసేశాక లిథియం నియోబేట్ అనే పదార్థపు అమరికలోకి వస్తుంది. అందులో సౌష్ఠవ కేంద్రం లేదు. ఈ రూపంలో విద్యుత్ ధ్రువణమూ బలహీనమైన అయస్కాంతత్వమూ కలిసి ఉండాలని 2008లో లెక్క కట్టారు. 2009లో దాన్ని తయారుచేసి, గది ఉష్ణోగ్రత కంటే చాలా కింద, రెండూ ఉన్నాయని చూపించారు. నీ కాళ్ల కింది ఇసుకలోని పరమాణువులే, కూర్చునే తీరు మాత్రం మారింది. పరమాణువుల పేర్లకంటే వాటి అమరికే ఎక్కువ నిర్ణయిస్తుందన్నది ఈ విద్యలో మొదటి పాఠం. అది నీకు తొమ్మిదో తరగతిలోనే చేతికి అందింది.

ఎర్రమట్టి దిబ్బల రంగుకు కారణం కూడా ఇనుప ఆక్సైడే. అది ఇంకో నెల రాస్తాను.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను లాంథనమ్ నికెల్ మాంగనేట్ డబుల్ పెరోవ్‌స్కైట్ తయారుచేశాను. పెల్లెట్‌కు (పొడిని నొక్కి కాల్చిన బిళ్లకు) రెండు వైపులా వెండి లేపనం పూసి గది ఉష్ణోగ్రతలో పీఈ లూప్ (విద్యుత్ క్షేత్రంతో ధ్రువణం ఎలా మారుతుందో చూపే వలయం) తీస్తే గుండ్రంగా, పెద్దగా వచ్చింది. డైఎలక్ట్రిక్ స్థిరాంకం (ఆవేశాన్ని నిలుపుకునే సామర్థ్యపు కొలత) కూడా వేలల్లో ఉంది. ఫెర్రోఎలక్ట్రిక్ అని రాయవచ్చా? ఇంకొక సందేహం. అయస్కాంతీకరణ ఫార్ములా యూనిట్‌కు 5 బోర్ మాగ్నెటాన్లు (పరమాణు స్థాయి అయస్కాంతత్వపు కొలమానం) రావాలి, 3.8 మాత్రమే వచ్చింది. ఎక్కడ పొరపాటు జరిగింది?
— పరిశోధక విద్యార్థిని, మద్దిలపాలెం

జవాబు: అమ్మాయీ, రాయకు. ఈ ఒక్క ఫలితాన్ని పట్టుకుని ఆ మాట రాయకు.

గుండ్రటి వలయం వచ్చిందంటే మొదట అనుమానించవలసింది విద్యుత్ కారుతోందని. నీటికుండకు చిల్లు ఉన్నప్పుడు ఎంత పోశామన్నది ఎంత నిలిచిందన్న దానికి కొలత కాదు. యంత్రం పెల్లెట్‌లోకి వెళ్లిన ఆవేశం మొత్తాన్ని లెక్కపెడుతుంది. అది లోపల నిలిచిందా, దాటి అవతలికి పోయిందా అన్నది యంత్రానికి తెలియదు. 2008లో జె.ఎఫ్. స్కాట్ అనే ప్రసిద్ధ శాస్త్రవేత్త మామూలు అరటిపండు తొక్కకు ఎలక్ట్రోడ్లు పెట్టి కొలిచి, అచ్చం ఇలాంటి వలయాన్నే చూపించారు. అరటి తొక్క ఫెర్రోఎలక్ట్రిక్ కాదు. నిజమైన వలయం కొసల దగ్గర సన్నబడి కోసుగా ముగుస్తుంది. నీ వలయం కొసలు ఉబ్బి ఉన్నాయేమో చూసుకో.

మూడు పనులు చెయ్యి. ఒకటి, ద్రవ నైట్రోజన్‌తో 77 కెల్విన్ దాకా చల్లబరిచి మళ్లీ కొలువు. నికెల్, మాంగనీస్ మధ్య ఎలక్ట్రాన్లు గెంతడం వల్లనే విద్యుత్ కారుతుంది. చలికి ఆ గెంతులు ఆగుతాయి. వలయం కూడా వాటితోపాటే మాయమైతే అది ఎప్పుడూ లేనట్టే. రెండు, పౌనఃపున్యం మార్చి చూడు. మూడు, 'పండ్' పద్ధతి వాడు. ఒకే దిక్కులో వరసగా రెండు పల్సులు, తరువాత ఎదురు దిక్కులో రెండు ఇస్తారు. మొదటి పల్సులో ధ్రువణం తిరగడమూ కారడమూ రెండూ ఉంటాయి. రెండో పల్సులో కారడం మాత్రమే ఉంటుంది. ఒకదాని నుంచి ఒకటి తీసేస్తే మిగిలేదే నీ ఫలితం. డైఎలక్ట్రిక్ స్థిరాంకం వేలల్లో రావడానికీ ఇలాంటి కారణమే తరచూ ఉంటుంది. రేణువుల లోపల విద్యుత్ సులువుగా పారుతుంది, రేణువుల సరిహద్దుల దగ్గర ఆగి పోగవుతుంది. దీన్ని మాక్స్‌వెల్–వాగ్నర్ ప్రభావం అంటారు. అది నీ పెల్లెట్ నిర్మాణం గురించి చెబుతుంది, స్ఫటికం స్వభావం గురించి కాదు.

ఇక 5కు 3.8 సంగతి. నికెల్‌వి 2, మాంగనీస్‌వి 3, కలిపి 5. రెండూ ఒకే దిక్కుకు తిరిగితే వచ్చే లెక్క అది. చదరంగం గళ్లలో కొన్ని చోట్ల నికెల్, మాంగనీస్ ఒకరి స్థానంలో ఒకరు కూర్చుంటే, మాంగనీస్ పక్కనే మాంగనీస్ వస్తుంది. ఆ జంట ఎదురెదురు దిక్కులకు తిరుగుతుంది. స్థానం తప్పిన అయాన్ల వంతు 'క్ష' అయితే, అయస్కాంతీకరణను 5(1−2క్ష) అని మోటుగా లెక్కవేయవచ్చు. నీ 3.8కి క్ష విలువ 0.12. అంటే నూటికి పన్నెండు స్థానాలు తారుమారయ్యాయి. ఇది పొరపాటు కాదు, కొలిమి నుంచి ఎంత వేగంగా చల్లబరిచావు, ఆక్సిజన్ ఎంత అందింది అన్నవాటి గుర్తు. నెమ్మదిగా చల్లబరిచి మళ్లీ చూడు.

కానీ అంతకంటే ముందు నిన్నొకటి అడగాలి. లాంథనమ్ ఆక్సైడ్‌ను తూచే ముందు కాల్చావా?

ఈ ప్రశ్న విశాఖలో ఉన్న ప్రతి విద్యార్థినీ అడుగుతాను. లాంథనమ్ ఆక్సైడ్ గాలిలోని తేమను తాగి హైడ్రాక్సైడ్‌గా మారుతుంది. మన ఊరి సముద్రపు గాలిలో సీసా మూత వదులుగా ఉంటే చాలు. పూర్తిగా మారితే బరువు నూటికి సుమారు 16.6 పెరుగుతుంది. పది గ్రాముల నమూనాకు 6.684 గ్రాముల లాంథనమ్ ఆక్సైడ్, 1.532 గ్రాముల నికెల్ ఆక్సైడ్, 1.784 గ్రాముల మాంగనీస్ డయాక్సైడ్ కావాలి. నువ్వు తూచిన 6.684 గ్రాములు నిజానికి హైడ్రాక్సైడ్ అయితే అందులో ఆక్సైడ్ 5.73 గ్రాములే. త్రాసు నాలుగో దశాంశం దాకా సరిగ్గా చూపుతూనే ఉంటుంది. నమూనా మాత్రం తప్పు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా ప్రయోగశాల కిటికీ అద్దాలు పగిలాయి. కరెంటు లేని రోజుల్లో డెసికేటర్ (తేమ తగలకుండా ఉంచే గాజు పాత్ర) లోని సిలికా జెల్ అంతా తేమ తాగి గులాబీ రంగుకు మారిపోయింది. కరెంటు వచ్చాక అందరం తొందరలో ఉన్నాం. నేను ఆ సీసాలోని పొడినే నేరుగా తూచాను. మూడు వారాల తరువాత ఎక్స్‌రే పటంలో నికెల్ ఆక్సైడ్ గీతలు విడిగా కనిపించాయి. లాంథనమ్ చాలక నికెల్ మిగిలిపోయింది. అప్పటి నుంచి లాంథనమ్ ఆక్సైడ్‌ను రాత్రంతా 900 నుంచి 1000 డిగ్రీల దగ్గర కాల్చి, డెసికేటర్‌లో చల్లార్చి, బయటికి తీసిన వెంటనే తూచడం మా నియమం. నువ్వూ అదే చెయ్యి. నీ వెండి లేపనం కూడా బాగా ఆరాకే కొలువు. పెల్లెట్ మీది తేమ కూడా విద్యుత్తును మోస్తుంది.

ప్రశ్న: అయస్కాంత ధర్మాలు, విద్యుత్ ధర్మాలు సరే. మల్టీఫెర్రోయిక్ పరిశోధనలో 'కంపన ధర్మాలు' అని ప్రత్యేకంగా ఎందుకు చూస్తారు? దీనికీ మన సూరి భగవంతం గారికీ సంబంధం ఉందని ఎవరో అన్నారు, నిజమా?
— భౌతికశాస్త్ర అధ్యాపకుడు, అనకాపల్లి

జవాబు: నిజమేనండీ. ఈ ప్రశ్న వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. పై అమ్మాయికి ఇవ్వవలసిన అసలు జవాబు కూడా ఇందులోనే ఉంది.

స్ఫటికంలో పరమాణువులు ఎంత చలిలోనూ కదలకుండా ఉండవు. ఒక్కో రకం ఊగిసలాటకు ఒక్కో పౌనఃపున్యం. ఒకే రంగు కాంతి పడినప్పుడు చెదిరి వచ్చే వెలుగు రంగు ఆ పౌనఃపున్యం మేరకు కొద్దిగా మారుతుంది. 1928 ఫిబ్రవరి 28న రామన్ కనుగొన్నది ఇదే. ఆయన దగ్గర పనిచేసిన భగవంతం గారు వాల్తేరుకు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. ఒక స్ఫటికంలో ఎన్ని కంపనాలు ఉండాలి, వాటిలో ఎన్ని రామన్ వర్ణపటంలో కనిపించాలి, ఎన్ని పరారుణంలో కనిపించాలి అన్నది కొలవకముందే, స్ఫటికం సౌష్ఠవాన్ని బట్టి గ్రూపు సిద్ధాంతంతో (సౌష్ఠవాల గణితంతో) చెప్పవచ్చు. టి. వెంకటరాయుడు గారితో కలిసి భగవంతం గారు ఆ పద్ధతిని తీర్చిదిద్దారు. వారిద్దరూ రాసిన గ్రూపు సిద్ధాంత గ్రంథాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే వాల్తేరు నుంచి ప్రచురించింది. నేను చదువుకునే రోజుల్లో గ్రంథాలయంలో దాని అట్ట ఊడి దారంతో కట్టి ఉండేది. అన్ని చేతులు దాన్ని తిప్పాయి.

ఆ పద్ధతిని లాంథనమ్ నికెల్ మాంగనేట్‌కు వర్తింపజేద్దాం. వరుస తప్పని అమరికలో దాని యూనిట్ సెల్‌లో (స్ఫటికమంతా మళ్లీ మళ్లీ వచ్చే అతి చిన్న భాగంలో) 20 పరమాణువులు. ఒక్కోదానికి మూడు దిక్కులు, మొత్తం 60 కంపనాలు. అందులో మూడు ధ్వని కంపనాలు (అన్నీ ఒక్కటిగా కదిలేవి) తీసేస్తే 57. వీటిలో 24 రామన్‌లో, 33 పరారుణంలో కనిపించాలి. రెండిట్లోనూ కనిపించేది ఒక్కటీ ఉండకూడదు. ఎందుకంటే ఈ అమరికకు సౌష్ఠవ కేంద్రం ఉంది. సౌష్ఠవ కేంద్రం ఉన్న స్ఫటికం ఫెర్రోఎలక్ట్రిక్ కాలేదు. మద్దిలపాలెం అమ్మాయి అడిగింది ఈ పదార్థం గురించే. వలయం అబద్ధం చెప్పగలదు, సౌష్ఠవం చెప్పదు. ఎప్పుడైనా చల్లబరిచినప్పుడు పరారుణ గీతలు రామన్‌లోకి, రామన్ గీతలు పరారుణంలోకి తొంగిచూస్తే, కేంద్రం పోయిందన్నమాట. అప్పుడు ఫెర్రోఎలక్ట్రిక్ గుణం కోసం వెతకడంలో అర్థముంది.

సౌష్ఠవ కేంద్రం అలా పోవడం నిజంగానే జరుగుతుంది, అదీ అయస్కాంతత్వం వల్లనే. 2011లో లుటీషియం కోబాల్ట్ మాంగనేట్ అనే డబుల్ పెరోవ్‌స్కైట్‌లో ఇది బయటపడింది. కోబాల్ట్, మాంగనీస్ మార్చి మార్చి వచ్చే వరుసలో స్పిన్‌లు (ఒక్కో అయాను మోసే చిన్న అయస్కాంతాలు) పైకి, పైకి, కిందికి, కిందికి అని జంటలు జంటలుగా తిరుగుతాయి. ఒకే దిక్కుకు తిరిగిన పొరుగువారి మధ్య దూరం ఒకలా, ఎదురు తిరిగిన పొరుగువారి మధ్య దూరం ఇంకోలా మారుతుంది. వరుసలో ఉన్నవి రెండు వేరు వేరు లోహాలు కాబట్టి ఆ జరుగుళ్లు ఒకదాన్ని ఒకటి రద్దు చేసుకోవు. విద్యుత్ ధ్రువణం పుడుతుంది. వరుసలో ఒకే ఆవేశం ఉన్న ఒకే లోహం ఉండి ఉంటే ఈ దారిన ఇది జరిగేది కాదు. డబుల్ పెరోవ్‌స్కైట్ మీద నాకున్న ప్రేమంతా ఇక్కడే ఉంది.

కంపనాలు ఇంకొక సంగతి కూడా చెబుతాయి. లాంథనమ్ నికెల్ మాంగనేట్ రామన్ పటంలో సుమారు 670 సెంటీమీటర్ విలోమం (కంపనాల పౌనఃపున్యానికి వాడే కొలమానం) దగ్గర ఒక బలమైన గీత ఉంటుంది. ఆరు ఆక్సిజన్ల గూడు ఊపిరి తీసి వదిలినట్టు ఉబ్బి కుంచించుకునే కదలిక అది, సెకనుకు సుమారు 20 లక్షల కోట్ల సార్లు. చల్లబరుస్తుంటే బంధాలు బిగుస్తాయి. తంబురా తీగ బిగిస్తే శ్రుతి పెరిగినట్టు గీత పైకి జరగాలి. 280 కెల్విన్ దాకా అలాగే జరుగుతుంది. దాని కింద, అయస్కాంత క్రమం ఏర్పడగానే, గీత ఆ దారి వదిలి కిందికి వంగుతుంది. నికెల్, మాంగనీస్‌లు చేతులు కలిపేది మధ్యనున్న ఆక్సిజన్ ద్వారానే. ఊగేది ఆ ఆక్సిజనే. అందుకే స్పిన్‌ల క్రమం తీగ మీద చెయ్యి వేసినట్టవుతుంది. దీన్ని స్పిన్–ఫోనాన్ యుగ్మం అంటారు, ఫోనాన్ అంటే స్ఫటిక కంపనం. తేడా కొద్ది సెంటీమీటర్ విలోమాలే.

తేడా అంత చిన్నది కాబట్టి ఒక హెచ్చరిక. ఈ నమూనాలు నల్లగా ఉంటాయి, లేజర్ కాంతిని తాగి అక్కడికక్కడే వేడెక్కుతాయి. థర్మామీటరు 100 కెల్విన్ అంటుంటే లేజర్ పడిన చుక్క 150 దగ్గర ఉండవచ్చు. మీ విద్యార్థులు కొలిచేటప్పుడు లేజర్ శక్తిని సగానికి, మళ్లీ సగానికి తగ్గించి, గీత జరగడం ఆగేదాకా చూడమనండి.

ప్రశ్న: నేను ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాను. ఇన్ని తంటాలు పడి ఈ రాళ్లు చేస్తే ఎందుకు పనికివస్తాయి? మన ఫోనుల్లో ఎప్పటికైనా వస్తాయా?
— కూర్మన్నపాలెం

జవాబు: అయ్యా, సమాచారాన్ని అయస్కాంతంలో దాచడం సులువు, తిప్పి రాయడమే ఖరీదు. అందుకు కరెంటు పారించాలి, కరెంటు పారితే వేడి పుడుతుంది. వోల్టేజి పెట్టినంత మాత్రాన అయస్కాంతం తిరిగితే ఆ వేడి చాలా వరకు తప్పుతుంది. ఇంతమంది దీని వెంట పడటానికి ముఖ్య కారణం అదే.

ఫోనుల్లో ఎప్పుడొస్తుందని నేను మాట ఇవ్వలేను. అడ్డంకి ఏమిటో మాత్రం మీకు ఎవరికన్నా బాగా అర్థమవుతుంది. ఎర్రగా కాలిన ఉక్కును క్రేను అయస్కాంతం ఎత్తలేదని మీరు కళ్లారా చూసి ఉంటారు. ఇనుము 770 డిగ్రీల దగ్గర అయస్కాంత క్రమం కోల్పోతుంది. లాంథనమ్ నికెల్ మాంగనేట్‌కు ఆ హద్దు 280 కెల్విన్, అంటే 7 డిగ్రీల సెల్సియస్. చలికాలం తెల్లవారుజామున లంబసింగిలో అది అయస్కాంతం. అదే రోజు మధ్యాహ్నం విశాఖలో కాదు. గాజువాక అమ్మగారి ఫ్రిజ్‌లో పెడితే సరిగ్గా హద్దు మీద ఉంటుంది. లాంథనమ్ తీసి దానికంటే చిన్న అయానైన యిట్రియం పెడితే గూళ్లు ఇంకా వంగి, హద్దు సుమారు 80 కెల్విన్‌కు పడిపోతుంది. గది ఉష్ణోగ్రతలో రెండు గుణాలూ నిలిచేది బిస్మత్ ఫెర్రైట్. 2003 నుంచి దాని పలచటి పొరల మీద పని ముమ్మరమైంది. విద్యుత్ క్రమం సుమారు 830 డిగ్రీల వరకు, అయస్కాంత క్రమం సుమారు 370 డిగ్రీల వరకు ఉంటుంది. అయితే అందులో పొరుగు స్పిన్‌లు ఎదురెదురుగా తిరిగి ఉండటంతో బయటికి వచ్చే అయస్కాంతత్వం చాలా తక్కువ. ఈ నికెల్–మాంగనీస్ డబుల్ పెరోవ్‌స్కైట్లకు బలమైన అయస్కాంతత్వం ఉంది, చలి కావాలి. ఎండాకాలంలో కూడా నిలిచే జత కోసం రెండు వైపుల నుంచీ వెతుకులాట సాగుతోంది.

నేను రిటైరయ్యే ముందు ఆఖరి బ్యాచ్ పిల్లలకు ఒక లాంథనమ్ నికెల్ మాంగనేట్ పెల్లెట్‌ను ద్రవ నైట్రోజన్‌లో ముంచి తీసి చిన్న అయస్కాంతానికి చూపించాను. టక్కున అంటుకుంది. ఏప్రిల్ నెల, ఫ్యాన్లు ఆపేసి ఉన్నాయి. పెల్లెట్ మీద తెల్లటి మంచు పట్టి, కరిగి, చెమ్మగా మారుతుంటే పిల్లలు గట్టిగా అంకెలు లెక్కపెట్టారు. తొంభై నాలుగు దగ్గర అది జారి బల్ల మీద పడింది. వెంటనే ఇంకోసారి చేయమన్నారు.